ఫోస్టర్ కేర్: సొంతిల్లు ఉండాలా? రెండేళ్లకి బిడ్డ మన పేరున వస్తుందా?

గాజువాక నుంచి:
నమస్కారమండి. నాకు 41, మా ఆవిడకి 36. ఎనిమిదేళ్ల పాప ఉంది. రెండు గదుల అద్దింట్లో ఉంటున్నాం. ఫోస్టర్ కేర్‌లో ఒక బిడ్డని తెచ్చుకుందామని ఉంది. తలోమాట చెబుతున్నారు. సొంతిల్లు లేకపోతే ఇవ్వరట, సొంత పిల్లలుంటే కుదరదట, రెండేళ్లు పెంచితే చాలు బిడ్డ మనదైపోతుందట. తెలిసిన ఆయా ఒకావిడ "నెలల పిల్ల ఉంది, తీసుకుంటారా" అని కూడా అడిగింది. ఏది నిజం?

మద్దిలపాలెం నుంచి:
ముందు ఆ ఆయా సంగతి. వద్దని చెప్పి ఊరుకోకండి, వెంటనే పిల్లల హెల్ప్‌లైన్ 1098కి ఫోన్ చేయండి. 2015 నాటి జువెనైల్ జస్టిస్ చట్టం ప్రకారం పద్ధతి తప్పి బిడ్డని దత్తతకి ఇచ్చినా, పుచ్చుకున్నా మూడేళ్ల దాకా జైలు, లేదా లక్ష జరిమానా, లేదా రెండూ. డబ్బు చేతులు మారితే అయిదేళ్ల దాకా. ఇది శిక్ష భయంతో చెబుతున్నది కాదు. అలా వచ్చిన బిడ్డకి సరైన జనన ధ్రువపత్రం ఉండదు, కన్నతల్లి ఎవరో తెలుసుకునే దారి మూసుకుపోతుంది.

ఇక అసలు చిక్కు మన మాటలోనే ఉంది. "పెంచుకోవడం" అంటే మనకి దత్తతే గుర్తొస్తుంది. ఫోస్టర్ కేర్ అది కాదు. బిడ్డకి అమ్మో నాన్నో ఉండొచ్చు. జబ్బు, జైలు, తాగుడు, ఏదో కారణంతో ఇప్పుడు చూసుకోలేని స్థితి. ఆ ఇల్లు కుదుటపడే దాకా మన ఇంట్లో ఉంచి సాకడం. ఇంటిపేరు మారదు, ఆస్తిలో వారసత్వం రాదు. దత్తతకి చట్టపరంగా అర్హత ఉన్న బిడ్డని దీర్ఘకాలం ఫోస్టర్ కేర్‌లో ఉంచకూడదని చట్టం 44వ సెక్షన్‌లోనే ఉంది. నెలల పిల్లలు ఈ దారిన రారు. ఇక్కడికి వచ్చేది మామూలుగా ఆరేళ్లు దాటినవాళ్లు.

రెండేళ్ల మాట పూర్తిగా అబద్ధం కాదు, సగమే నిజం. ఫోస్టర్ కేర్‌లో పెంచిన బిడ్డని దత్తత అడగడానికి ఉన్న అయిదేళ్ల గడువుని 2024 ఫోస్టర్ కేర్ మార్గదర్శకాల్లో రెండేళ్లకి తగ్గించారు. కానీ ఆ బిడ్డ దత్తతకి చట్టపరంగా అర్హత పొందితేనే మీరు అడగొచ్చు. తల్లి కోలుకుని తీసుకెళ్తానంటే, పిల్లల సంక్షేమ కమిటీ సరేనంటే, పంపాల్సిందే. దీనికి మనసు సిద్ధంగా లేకపోతే నేరుగా దత్తతకే పేరు నమోదు చేసుకోండి. అందులో తప్పేమీ లేదు. బిడ్డ మన దగ్గరే ఉండిపోవాలనే ఆశతో ఫోస్టర్ కేర్‌కి రావడం మాత్రం ఆ తల్లికీ బిడ్డకీ మధ్య అడ్డం పడడమే.

ఎంవీపీ కాలనీ నుంచి:
సొంతిల్లు అక్కర్లేదు, బిడ్డకి చాలినంత చోటు ఉంటే సరి. సొంత పిల్లలు ఉన్నా అడ్డు కాదు. దంపతుల వయసు కలిపి కనీసం 70 ఉండాలి, మీది 77. పైహద్దు 12 ఏళ్ల లోపు పిల్లలకి 110, ఆపైవాళ్లకి 115. పెళ్లై రెండేళ్లు నిండాలి. పెళ్లికానివాళ్లు, భర్త పోయినవాళ్లు, విడాకులైనవాళ్లు కూడా 35 నుంచి 60 లోపు అయితే అర్హులే. ఒంటరి మగవాళ్లకి మాత్రం ఆడపిల్లని ఇవ్వరు.

దరఖాస్తు ఆన్‌లైన్‌లో పెట్టొచ్చు. మన జిల్లా బాలల సంరక్షణ విభాగానికి వెళ్తే వివరాలు చెబుతారు. ఆధార్, పాన్, పెళ్లి ధ్రువపత్రం, ఆదాయం, చిరునామా కాగితాలు, ఇంట్లో అందరి వైద్య నివేదికలు, పోలీసు విచారణ ఉంటాయి. ఆ తర్వాత ఇంటికి వచ్చి చూస్తారు. చాలామంది అక్కడే తడబడతారు. ఆ రోజు కోసం మంచం అరువు తెచ్చి వేయడం, పాపకి జవాబులు నేర్పడం చేయొద్దు. మీ పాపతోనూ మాట్లాడతారు. "నా గది పంచుకోవడం నాకిష్టం లేదు" అని పాప అన్నా, ఆ మాట ముందే బయటపడడం మేలు.

నెలకి 4,000 రూపాయలు మిషన్ వాత్సల్య అనే కేంద్ర పథకం కింద ఇస్తారు. అది బిడ్డ ఖర్చులకి. ఆలస్యమైనా స్కూలు ఫీజు ఆగకుండా మీ సొంత ఆదాయం ఉండాలి. పిల్లల సంక్షేమ కమిటీ ఇచ్చిన ఉత్తర్వు నకళ్లు నాలుగైదు తీసి ఉంచుకోండి, స్కూల్లోనూ ఆస్పత్రిలోనూ అదే అడుగుతారు. ప్రతి నెలా తనిఖీ ఉంటుంది. మీ మీద అనుమానంతో కాదు, చట్టంలోనే ఉంది.

సీతమ్మధార నుంచి:
కాగితాలు సరే, ఇంట్లో ఏం జరుగుతుందో కూడా చెప్పాలి. "ప్రేమ చూపిస్తే వారంలో కలిసిపోతారు" అనేదే అన్నిటికన్నా పెద్ద అపోహ. హాస్టల్ నుంచి వచ్చిన పిల్లలు కొందరు బిస్కెట్లు, రొట్టె ముక్కలు దిండు కింద దాస్తారు. దొంగతనం అనకండి. తర్వాతి పూట తిండి ఉంటుందన్న నమ్మకం ఇంకా కుదరలేదు, అంతే. మూత ఉన్న డబ్బా ఒకటి ఇచ్చి "ఇది నీది, అయిపోతే నింపుతాం" అని చెప్పి, నిజంగా నింపుతూ ఉండండి. అమ్మ వచ్చి చూసి వెళ్లిన రాత్రి పక్క తడపడం, మర్నాడు స్కూలుకి వెళ్లనని మొండికేయడం మామూలే. దానికి ఆ తల్లిని తిట్టకండి. బిడ్డ వింటుంది. "అమ్మ" అని మిమ్మల్ని పిలవమని ఒత్తిడి పెట్టకండి, అత్త, పిన్ని ఏదైనా చాలు.

గాజువాక నుంచి:
అందరికీ ధన్యవాదాలండి. 1098కి ఇప్పుడే ఫోన్ చేశాను. ఒక్క సందేహం: బిడ్డ వచ్చాక వాట్సాప్ స్టేటస్‌లో ఫొటో పెట్టుకోవచ్చా?

ఎంవీపీ కాలనీ నుంచి:
పెట్టకండి. ఈ పిల్లల గుర్తింపు బయటపెట్టడం జువెనైల్ జస్టిస్ చట్టం 74వ సెక్షన్ కింద నేరం. ఆరు నెలల దాకా జైలు, రెండు లక్షల దాకా జరిమానా, లేదా రెండూ పడొచ్చు. ఫొటోలు పెట్టొద్దని బంధువులకి ముందే చెప్పేయండి, స్కూలుకి మాత్రం అదే మాట రాసి ఇవ్వండి.