చర్చి మిషన్ ట్రిప్‌లో పిల్లలు ఇళ్లు రిపేరు చేయడం: వెళ్లనివ్వాలా, డబ్బే పంపాలా?

షార్లెట్ అమ్మ:
మా అమ్మాయి పదకొండో తరగతి. తన ఫ్రెండ్ వాళ్ల మెథడిస్టు చర్చి యూత్ గ్రూపు ఈ వేసవిలో అపలాచియా సర్వీస్ ప్రాజెక్టు అనే ఇళ్లు బాగుచేసే సంస్థ ద్వారా తూర్పు కెంటకీ కొండప్రాంతానికి వెళ్తోంది. వారం రోజులుండి అక్కడి పేద కుటుంబాల ఇళ్లకు కప్పు, నేల, మెట్లు బాగుచేస్తారట. మేం హిందువులమైనా రమ్మన్నారు, తను వెళ్తానని పట్టుబట్టింది. మతం సంగతి నాకు పెద్ద పట్టింపు లేదు. ఇంట్లో ఒక్క మేకు కొట్టని పిల్ల ఇంకొకరి ఇంటి మీద పని నేర్చుకోవడం న్యాయమేనా అన్నదే నా బాధ. ఫీజు, ప్రయాణం కలిపి అయ్యే డబ్బు అక్కడి కార్పెంటరుకే ఇస్తే పని ఇంకా బాగా జరగదా? మొహమాటం లేకుండా చెప్పండి.

మైదుకూరు రెడ్డి:
డబ్బే పంపండమ్మా. బొగ్గు గనుల్లో ఉద్యోగాలు పోయి కుదేలైన ప్రాంతమది. చేతిపని తెలిసినవాళ్లకు అక్కడ కరువు లేదు, కూలి ఇచ్చేవాళ్లకే కరువు. వ్యాన్ల నిండా పిల్లలు వెళ్లి రావడానికి అయ్యే ఖర్చుతో ఊళ్లోవాళ్లకు వారాల తరబడి పని దొరుకుతుంది. ప్రభుత్వ పథకమూ ఉంది. అమెరికా వ్యవసాయ శాఖ (యూఎస్‌డీఏ) సెక్షన్ 504 కింద పల్లెల్లో సొంతిల్లుండి, బాగా తక్కువ ఆదాయం ఉన్నవాళ్లకు ఇంటి రిపేరుకు 1 శాతం వడ్డీ మీద 40,000 డాలర్ల వరకు అప్పు, వయసు మళ్లినవాళ్లకు 10,000 వరకు గ్రాంటు ఇస్తారు. ఆ దరఖాస్తు నింపడంలో సాయపడితే అదీ సేవే. కాలేజీ అప్లికేషన్‌లో రాసుకోవడానికి పేదవాడి ఇంటిని వాడుకోవడం నాకు నచ్చదు.

నాక్స్‌విల్ మేస్త్రీ:
రెడ్డిగారూ, ఆ గ్రాంటు 62 ఏళ్లు నిండినవాళ్లకే. అప్పు కావాలంటే తీర్చే ఆదాయం చూపాలి. అప్పుకైనా గ్రాంటుకైనా ఇల్లు తమదేనని కాగితం ఉండాలి. ఆ కొండల్లో ఎన్నో ఇళ్లు ఇంకా తాతల పేరు మీదే ఉన్నాయి, పంపకాలు కాలేదు. మన ఊళ్లలో చూడని గొడవేం కాదుగా. 2022 జూలై వరదల తర్వాత కూడా ఇలాంటివాళ్లకు కాగితాల దగ్గరే చిక్కొచ్చింది.

నేను కన్‌స్ట్రక్షన్‌లో ఉన్నాను, ఇలాంటి గ్రూపులతో పెద్దవాడిగా వెళ్తుంటాను. చూసింది చెప్తాను. ఫ్యాక్టరీలో చేసి తెచ్చిపెట్టే ఇంటిని మొబైల్ హోమ్ అంటారు, అలాంటి పాతదాంట్లో బాత్రూమ్ పక్కన నేల మెత్తబడి ఉంటుంది, అడుగేస్తే దిగుతుంది. అది పార్టికల్ బోర్డు, అంటే చెక్కపొట్టు అతికించి చేసిన పలక. తడిస్తే ఉబ్బి, పొట్టులా రాలిపోతుంది. ముందు పైపు లీకు ఆపాలి, ఆ ముక్క కోసి తీయాలి, కింది దూలాలు పుచ్చాయేమో చూడాలి, ఆ తర్వాతే ప్లైవుడ్. పీకడం, మోయడం, ఊడ్చి ఎత్తడం పిల్లలు బ్రహ్మాండంగా చేస్తారు. దూలం ఉంచాలా మార్చాలా అన్నది మాత్రం తెలిసినవాడే చెప్పాలి.

వీల్‌చైర్ ర్యాంపూ అంతే. అంగుళం ఎత్తుకు 12 అంగుళాల పొడవు కావాలి. గడప 30 అంగుళాల ఎత్తులో ఉంటే ర్యాంపు 30 అడుగులు. చోటు చాల్లేదని వాలు ఎక్కువగా కట్టేస్తే వీల్‌చైర్‌లో ఉన్న ముసలాయన ఇంట్లోనే ఉండిపోతాడు. గుంటలు తవ్వడానికి పది చేతులు కావాలి, కొలతకు ఒక్క బుర్ర చాలు. అక్కా, ఆ బుర్ర ఎవరిదో ముందే అడగండి. ఈ అపలాచియా ప్రాజెక్టు 1969లో టెక్స్ ఎవాన్స్ అనే మెథడిస్టు పాస్టరు మొదలుపెట్టిన సంస్థ. ఇల్లు వెచ్చగా, భద్రంగా, పొడిగా ఉంటే చాలన్నది వాళ్ల పద్ధతి. నాకు నచ్చేది అదే.

గుంటూరు సిస్టర్:
వందనాలు అక్కా. మతం మాట ఎవరైనా ఎత్తకముందే చెప్తాను. ఆ కొండల్లో చర్చిలకు కొదవ లేదు, వీళ్లు కొత్తగా వెళ్లి సువార్త చెప్పాల్సిందేమీ లేదు. ప్రార్థన ఉంటుంది, మీ పాప ఊరికే కూర్చుంటే ఎవరూ ఏమనరు. నా భయం ఫోన్ల గురించి. పుచ్చిన నేల ఫొటో తీసుకోనివ్వండి. ఆ ఇంటి అవ్వ ఫొటో ఇన్‌స్టాగ్రామ్‌లో పెట్టొద్దని గట్టిగా చెప్పి పంపండి. సాయం తీసుకున్నంత మాత్రాన ఆమె తన పేదరికాన్ని అందరికీ చూపించుకోవాలా?

మైదుకూరు రెడ్డి:
మేస్త్రీ అన్నా, శనివారం పిల్లలు వ్యాన్ ఎక్కేస్తారు. సగం విప్పిన కప్పు మీద ఆదివారం వాన పడితే ఎవరు చూస్తారు? ఇంకో మాట. 18 ఏళ్లలోపు వాళ్లను కూలికి పెట్టుకుని కప్పెక్కించడం, కరెంటు రంపం పట్టించడం ఫెడరల్ చట్టం ప్రకారం నిషేధం. కూలికి వద్దన్న పని సేవకు సరే ఎలా అవుతుంది?

నాక్స్‌విల్ మేస్త్రీ:
కాదు, నేనూ ఒప్పుకోను. నా గ్రూపులో పిల్లలు కప్పెక్కరు, రంపం నా చేతిలోనే ఉంటుంది. ఇక సగం పని సంగతి. వేసవి సాగినంతకాలం వారం వారం కొత్త గ్రూపు వచ్చి అందుకుంటుంది. చివరి వారమైతే మాత్రం కొత్తగా కప్పు విప్పనివ్వను, మెట్లో ర్యాంపో ఎంచుకుంటాను. ఒక గ్రూపు ఇది పట్టించుకోలేదు. ఆ ఇంటి మీద నీలం టార్పాలిన్ శీతాకాలం దాకా అలాగే ఉంది.

మైదుకూరు రెడ్డి:
ఆ టార్పాలిన్ గురించే నా గొడవంతా. మీలాంటివాళ్లు ప్రతి గ్రూపులో ఉంటారన్న నమ్మకం నాకు లేదు. వెళ్లేదుంటే వెళ్లనివ్వండమ్మా, కానీ ఫీజుతో పాటు ఇంకొంత డబ్బు స్థానిక కార్పెంటరు కూలి కోసమని చెప్పి ఇవ్వండి.

షార్లెట్ అమ్మ:
అందరికీ థాంక్స్ అండీ. పని చూసేది ఎవరు, మేం వెళ్లేది ఎన్నో వారం, కప్పెక్కిస్తారా, ఊళ్లోవాళ్లకు కూలి ఇస్తారా అని యూత్ పాస్టరుకు ఈ రాత్రే మెయిల్ పెడుతున్నాను. కప్పు మాటకు సరైన జవాబు రాకపోతే పంపను. ఫోన్ సంగతి మా అమ్మాయితో ఇప్పుడే మాట్లాడాను, మొహం ముడుచుకుంది కానీ సరేనంది.