సమస్యాపూరణం: “నేల దిగినట్టి వాఁడె పో నింగి కెక్కె”

నిర్వాహకులు (విజయనగరం):
ఈ వారం ఇచ్చినది తేటగీతి పాదం. వస్తువు బిల్లీ ఫిస్క్ జీవితం. ఈ అమెరికా యువకుడు 1928లో స్విట్జర్లాండులోని సెయింట్ మోరిట్జ్ శీతాకాల ఒలింపిక్స్‌లో, పదహారేళ్ల వయసులోనే, మంచు మీద జారే బాబ్‌స్లెడ్ బండిని నడిపి స్వర్ణం గెలిచాడు. 1932లో లేక్ ప్లాసిడ్‌లో తన దేశపు పతాకాన్ని మోసి, మళ్లీ స్వర్ణం గెలిచాడు. రెండో ప్రపంచ యుద్ధం మొదలయ్యాక, అమెరికా ఇంకా యుద్ధంలోకి దిగకముందే, తాను కెనడా వాడినని చెప్పుకొని బ్రిటిష్ రాయల్ ఎయిర్ ఫోర్స్‌లో చేరాడు. 1940 ఆగస్టు 16న టాంగ్‌మియర్ స్థావరం నుండి హరికేన్ యుద్ధవిమానంలో లేచి, శత్రువుల తూటాలకు విమానం మంటలంటుకున్నా పారాషూట్‌తో దూకక, దానిని స్థావరానికే తెచ్చి దించాడు. ఒళ్లు కాలిన అతడు మరునాడు ఆసుపత్రిలో కన్నుమూశాడు. అప్పటికి అతని వయసు ఇరవై తొమ్మిది. పూరణలో ‘దిగుట’ ఎందుకో, ‘ఎక్కుట’ ఎక్కడికో రెండూ తేలాలని మనవి.

రాజాం నుండి విశ్రాంత ఉపాధ్యాయుల పూరణ:

మంచు వాలున బండిని మలుపు మలుపు
నందు నడిపించి గెలిచెను నవ వయసున;
వాలు దిగుటయే గెలుపైన వాఁడు, చూడ
నేల దిగినట్టి వాఁడె పో నింగి కెక్కె.

నిర్వాహకులు:
మాస్టారూ, మూడవ పాదం నన్ను చాలాసేపు ఆపింది. ఆ ఆటలో అందరికంటె త్వరగా కిందికి చేరినవాడే విజేత కనుక, దిగడం ద్వారానే పైకి వచ్చిన మనిషి ఆకాశయోధుడు కావడాన్ని మీరు సమస్యలోనుండే పిండుకున్నారు. అయితే ‘నవ’ సంస్కృతం, ‘వయసు’ తద్భవం కనుక ‘నవ వయసు’ వైరి సమాసం (సంస్కృత, తెలుగు పదాలను కలపరాని తీరున కలిపినది) అవుతుంది. ‘గెలిచెను నలుగురిఁ గొని’ అంటే యతి చెడదు, గణాలూ సరిపోతాయి. 1928 పోటీలో బండికి ఐదుగురు. చుక్కాని పట్టినవాడు ఇతడు, వెనుక ఉన్నవారు నలుగురు. వయసు పోయినా, నలుగురి ప్రాణాలు తన చేతిలో పెట్టుకొని మలుపులు తిప్పిన పిల్లవాడు పద్యంలోకి వస్తాడు. అది నాకు వయసుకంటె విలువైనదిగా తోస్తున్నది.

రాజాం:
సవరణ శిరోధార్యం. అలాగే మార్చండి.

బొబ్బిలి నుండి ఒక సోదరి పూరణ:

పొగలు మంటలు మ్రింగిన పుష్పకమును
విడిచి గొడుగున దిగఁగల వీలు గలిగి
విడువ కింటికిఁ జేర్చెను వీరుఁ డతఁడు;
నేల దిగినట్టి వాఁడె పో నింగి కెక్కె.

రాజాం:
అమ్మా, ‘విడిచి’, ‘విడువక’ అని ఎదురెదురుగా నిలిపిన తీరు బాగుంది. కాని పుష్పకం ఎందరెక్కినా ఇంకొకరికి చోటు మిగిలే విమానమని మన పురాణ ప్రసిద్ధి. హరికేన్‌లో ఉండేది ఒక్కడే. ఆ ఒంటరితనం పోగొట్టుకోకూడదు. పైగా ‘మ్రింగిన’ అంటే విమానం బూడిదైనట్లు స్ఫురిస్తుంది. అది మరమ్మతు పొంది మళ్లీ ఎగిరిందని చదివాను. అతడు దూకకుండా ఉన్నందుకు దక్కిన ఫలం అదే కదా! ‘పొగలు మంటలు చుట్టిన పోరు తేరు’ అనండి.

బొబ్బిలి:
మాస్టారూ, ‘పోరు తేరు’ నా మాటకంటె ఎంతో గట్టిగా ఉంది. సంతోషంగా స్వీకరిస్తున్నాను.

శ్రీకాకుళం నుండి ఒక విద్యార్థి పూరణ:

తనది కానట్టి పోరునఁ దాను దూఁకి
యూరు పేరులు మఱుఁగున నుంచి చేరి
పరుల గగనముఁ గాపాడి ప్రాణ మొసఁగి
నేల దిగినట్టి వాఁడె పో నింగి కెక్కె.

పెద్దలకు ఒక సందేహం. ఎక్కడి మంచుకొండల ఆటగాడో, ఎవరి ఆకాశమో. దీనిని మన పద్యంలో చెప్పినప్పుడు మనవారికి తాకుతుందా?

బొబ్బిలి:
తప్పక తాకుతుంది, నాయనా. 1942 ఏప్రిల్ 6న జపాను విమానాలు విశాఖపట్నం మీద బాంబులు వేసిన నాటికి మన విజయనగరమూ, మీ శ్రీకాకుళమూ విశాఖ జిల్లాలోనివే. పైనుండి వచ్చే భయమెలా ఉంటుందో ఈ తీరానికి తెలుసు. ఆ భయాన్ని పరాయి ఊరి వారి కోసం ఎదుర్కొన్నవాడిని మనం పరాయివాడని ఎందుకు అనుకోవాలి?

నిర్వాహకులు:
బాబూ, నీ ధార మంచిది. గణాల్లో ఎక్కడా తడబాటు లేదు. లోపాలు అర్థంలో ఉన్నాయి. అతడు దాచింది పేరు కాదు, దేశం. 1941 జూలై 4న లండన్ సెయింట్ పాల్ కెథెడ్రల్‌లో ఆవిష్కరించిన ఫలకం మీద, ఇంగ్లండు బ్రతకడం కోసం మరణించిన అమెరికా పౌరుడని చెక్కారు. బ్రతికుండగా మరుగుపరచిన దేశాన్ని మరణం తరువాత రాతిగోడ మీద బయటపెట్టారన్నమాట. అందువల్ల ‘పేరులు’ తీసి ‘దేశము’ పెట్టు. ఇక మూడవ పాదం ప్రాణమిచ్చాడని ముందే చెప్పేయడంతో, నేల దిగడానికి కారణం లేకపోయింది. ప్రాణమిచ్చాక దిగడమేమిటి? సమస్యాపాదం ఊతం లేకుండా వేలాడుతున్నది. చేతులూ చీలమండలూ కాలుతుండగా విమానాన్ని అదుపులో ఉంచి దించాడు కదా, నీకు కావలసినది ఆ ఘట్టమే.

శ్రీకాకుళం:
మార్చి రాశాను, మాస్టారూ.

తనది కానట్టి పోరునఁ దాను దూఁకి
యూరు దేశము మఱుఁగున నుంచి చేరి
కాలుసేతులు గాలినఁ గదలకుండ
నేల దిగినట్టి వాఁడె పో నింగి కెక్కె.

రాజాం:
‘కాలు, చేతులు’ సమాసంలో కలిసినప్పుడు ‘చే’ ‘సే’గా మారే సాధురూపం ‘కాలుసేతులు’ వాడినందుకు ప్రత్యేకంగా అభినందిస్తున్నాను. ‘కదలకుండ’ అన్న ఒక్క మాటలో మంచుబండి నాటి నిబ్బరం కూడా పలికింది. మలుపులో చేయి వణికితే బండి బోల్తా పడే ఆటలో పెరిగినవాడు కదా.

నిర్వాహకులు:
ఇప్పుడు సమస్యకు పునాది దొరికింది. ఒక్క మాట మిగిలింది. మొదటి పాదంలో ‘తనది’ ఉండగా ‘తాను’ యతి కోసమే వచ్చినట్టుంది. ‘పోరునఁ దానె దూఁకి’ అంటే ఎవరూ పిలవకుండా, ఎవరూ బలవంతపెట్టకుండా వచ్చాడన్న అర్థం చేరుతుంది. నీకు సమ్మతమైతే అలా సవరించి, మూడు పూరణలనూ ఈ వారపు సంకలనంలో చేరుస్తాను.

శ్రీకాకుళం:
సమ్మతమే, మాస్టారూ.