సమస్య: కనుచు నుండువాఁడు కానలేఁడు

నిర్వాహకుడు: ఈ పాదం నిన్నటి నుంచి నన్ను వదలడం లేదు. బైబిలులోని ఎదురుచూపు, నిరీక్షణ విషయంగా, ఇదే చివరి పాదమయ్యేలా పద్యం పూరించండి.

ఏటిగట్టు: 130వ కీర్తనలోని కావలివాడే నాకు ఆధారం.

కోట మీఁద నిలిచి కోడికూఁతకు ముందు
తూర్పు దిక్కు వంక తొంగి చూచి
రాని పొద్దు కొఱకు రాత్రెల్ల మేల్కొని
కనుచు నుండువాఁడు కానలేఁడు

గణదర్పణం: ‘రాత్రెల్ల’ గుచ్చుకుంది. ‘రాత్రి’లోని ఇకారం అలా లోపించదు, ‘రాత్రియెల్ల’ అనాలి. ‘రాతిరి మేల్కొని’ అంటే గణాలు చెడవు. పైగా కీర్తనలో కావలివాడు ఉపమానం మాత్రమే. అతనికంటె ఎక్కువగా ఎదురుచూసేది కీర్తనకారుడి ప్రాణం. అది మీ పద్యంలోకి రానే లేదు.

ఏటిగట్టు: ‘రాతిరి’ తీసుకుంటున్నాను, ధన్యవాదాలు. రెండోది ఒప్పుకోను. ‘కావలివారు ఉదయము కొరకు’ అని కీర్తనకారుడు వెంటవెంటనే రెండుసార్లు అన్నాడు. రాత్రి ఎంత పొడవో ఆ పునరుక్తిలోనే తెలుస్తుంది. నాకు కావలసింది ఆ రాత్రి.

కావ్యమిత్ర: నాది రోమా పత్రిక, అంటే పౌలు రోమీయులకు రాసిన లేఖ, ఎనిమిదో అధ్యాయం నుంచి.

కంటఁ బడిన దింక కాదు నిరీక్షణ
యనుచుఁ బౌలు రోమ కంపె లేఖ
కోరి యెదురు చూచుఁ గొండంత యోర్పుతో
కనుచు నుండువాఁడు కానలేఁడు

నిర్వాహకుడు: ‘రోమకు అంపె’లో దాగిన అకారంతో యతి, అంటే పాదం మొదటి అక్షరంతో మైత్రి, చక్కగా కుదిరింది. సమస్యలోని వైరుధ్యం మొదటి పాదంలోనే విడిపోయింది. ‘కొండంత’ మాత్రం అరువు మాట. పౌలు ఓపిక అన్నాడు, అంతే.

గణదర్పణం: కావ్యమిత్ర గారు చేతికందిన మాటను జారవిడిచారు. తెలుగు బైబిలులో ఎదురుచూడడమంటే ‘కనిపెట్టడం’. చూడనిదాని కొరకు ‘ఓపికతో కనిపెట్టుదుము’ అని 25వ వచనం. ఈనాడు ఆ మాట వింటే కొత్తగా కనుగొనడమే తోస్తుంది, అక్కడ మాత్రం కన్ను తీయకుండా కాచుకుని ఉండడం. ‘కనుచు’ అనే సమస్యకు ఇంతకంటె దగ్గర మాట ఏముంది? ‘కనిపెట్టు’ సలమనే గణం, మూడో పాదం చివర హాయిగా ఇమిడేది.

ఏటిగట్టు: మాటల లోతు గురించి మీరు చెబుతున్నారు కాబట్టి అడుగుతున్నాను. కిందటి సమస్యలో కావ్యమిత్ర గారు, యెరికోలో ఇశ్రాయేలు వేగులవారిని దాచిన రాహాబు కిటికీకి కట్టిన ఎర్ర తాడును ‘ఆశ’ అంటే, అన్వయం లేదని కొట్టివేసింది మీరే. హీబ్రూలో ‘తిక్వా’ అంటే తాడు, ఆశ కూడా. యెహోషువ రెండో అధ్యాయంలో ఉన్నది ఆ మాటే.

కావ్యమిత్ర: ఆ రోజు నేను వాదించలేదు. గుర్తుపెట్టుకున్నందుకు సంతోషం.

గణదర్పణం: అన్వయం విషయంలో పొరపాటు నాదే, మన్నించండి. ఆ ఊహ ఈనాటి రెండు పూరణలకంటె గొప్పది. ఆ పాత పూరణ రెండో పాదంలో యతి మాత్రం అప్పుడూ తప్పింది, ఇప్పుడూ తప్పినట్టే ఉంది. సరిదిద్ది మళ్లీ పెట్టండి, చదువుతాను.