సైటు చేసి ఇచ్చాక రోజూ వచ్చే మార్పులకు డబ్బు ఎలా అడగాలి?

ప్రశ్న – అమలాపురం నుంచి

నమస్కారమండీ. మా ఇంటి మేడ మీద గదిలో ఒక్కదాన్నే కూర్చుని నాలుగేళ్లుగా వెబ్‌సైట్లు చేస్తున్నాను. ఇప్పటికి 23 చేశాను. పని బాగానే దొరుకుతోంది. సైటు చేసి ఇచ్చాకే నాకు టెన్షన్ మొదలవుతోంది.

కడియపులంకలో ఒక నర్సరీకి 15,000కి మాట్లాడుకుని సైటు చేశాను. రావులపాలెం మీదుగా బస్సులో రెండుసార్లు వెళ్లి, ఏ మొక్కను వాళ్లు ఏ పేరుతో పిలుస్తారో పుస్తకంలో రాసుకొచ్చాను. యజమాని చాలా మంచివారు. వెళ్లిన ప్రతిసారీ ఏదో ఒక మొక్క చేతిలో పెట్టి పంపేవారు. సైటు పెట్టి 14 నెలలైంది. ఇప్పటికీ రాత్రి తొమ్మిదింటికి వాయిస్ మెసేజ్ వస్తుంది: ‘అమ్మాయ్, ముద్ద మందారం 40 కాదు, 60 చెయ్యి.’ మొన్న ఒక్కరోజే 31 ఫొటోలు పంపారు. ఒక్కదానికీ పేరు లేదు. కొన్నింట్లో ఆకు పక్కన ఆయన బొటనవేలు కూడా పడింది. అవి కత్తిరించి, పేర్లు అడిగి రాసి, సైటులో పెట్టేసరికి పదకొండున్నర దాటింది.

డొమైన్, అంటే సైటు పేరు, నా అకౌంట్‌లోనే కొన్నాను. రెన్యువల్ డబ్బులు నా కార్డులోంచే పోయాయి.

నాన్నగారికి తెలిసినవాళ్ల ద్వారా వచ్చిన పని ఇది. అడుగుదామంటే మాట నోటిదాకా వచ్చి ఆగిపోతోంది. ఏడాదికి ఇంత అని మీరెలా చెబుతున్నారు?

జవాబు – భీమవరం నుంచి

అమ్మా, ముందు డొమైన్ సంగతి చూడండి. అది వాళ్ల పేరున, వాళ్ల మెయిల్‌తో, వాళ్ల ఫోన్ నంబరుతో ఉండాలి. రేపు మీకు ఒంట్లో బాగోక గడువు తేదీ దాటిపోతే, డాట్ కామ్ పేరును కొన్నాళ్ల వరకు ఎక్కువ ఫీజు కట్టి వెనక్కి తెచ్చుకోవచ్చు. ఆ తర్వాత ఎవరైనా కొనేసుకోవచ్చు. ఆయన పేరున్న బోర్డు వేరేవాళ్ల చేతికి పోయినట్టే.

ఇక డబ్బు ఎప్పుడు అడగాలన్నది కూడా ముఖ్యమే. నాకు రొయ్యల చెరువుల వాళ్లు, మేత డీలర్లు ఎక్కువ. ఏప్రిల్‌లో బిల్లు పెట్టి నెలల తరబడి తిరిగాను. ఇప్పుడు ఎవరి చెరువులో రొయ్యలు పట్టి అమ్మాక వాళ్లకు పెడుతున్నాను, రెండు మూడు రోజుల్లో వచ్చేస్తోంది. మీ నర్సరీ ఆయనకు వానలు పడి మొక్కలు కదిలే రోజుల్లో పెట్టండి.

రేట్ల మార్పు మీరు చేయనక్కర్లేదు. గూగుల్ షీట్‌లో మొక్క పేరు, రేటు రాసి, సైటు అందులోంచే తీసుకునేలా కలపండి. వాళ్లింట్లో ఫోన్ బాగా వాడే పిల్లలెవరైనా ఉంటే అరగంటలో నేర్చుకుంటారు. ఫొటోలు డాక్యుమెంట్‌గా పంపమనండి, లేకపోతే వాట్సాప్ నాణ్యత తగ్గించేస్తుంది.

జవాబు – పాలకొల్లు నుంచి

నేను డీటీపీ (ప్రింటుకు వెళ్లే పేజీలను కంప్యూటర్‌లో తయారుచేసే పని) నుంచి ఈ పనిలోకి వచ్చాను. పెళ్లి కార్డయినా ప్రూఫ్ మీద సంతకం పెట్టించుకున్నాకే ప్రింటుకు పంపేవాళ్లం. ఆ తర్వాత మార్పు వస్తే దానికి వేరే డబ్బు. సైటుకూ అదే పద్ధతి పెట్టాను. ఏం చేస్తానో, ఎన్ని పేజీలో, ఎన్నిసార్లు మారుస్తానో ఒక కాగితం మీద తెలుగులో రాసి ఇస్తాను. తెలుగు మేటరు ప్రింటింగ్ పనికి వాడే ‘అను’ ఫాంట్లలో ఇస్తే, ఫోన్లలో, సైట్లలో చదవడానికి వీలయ్యే యూనికోడ్‌లోకి మార్చి, తప్పులు దిద్దడానికి ఇంత అని అందులోనే రాస్తాను. మార్చకుండా పెడితే సైటులో పిచ్చి అక్షరాలే కనిపిస్తాయి, గూగుల్‌లో వెతికినా దొరకదు. ఆ కష్టం చూపించి చెబితే ఇంతవరకు ఎవరూ కాదనలేదు.

జవాబు – ఆత్రేయపురం నుంచి

నేను సైటు చేయించుకున్నదాన్నండి, మాది పూతరేకుల వ్యాపారం. కుండ మీద రేకు తీసేవాళ్లకు వేరు, చుట్టేవాళ్లకు వేరు కూలీ ఇస్తాం. సైటుకి మాత్రం ఒకసారి డబ్బిస్తే అయిపోయిందనుకున్నాం. ఆ పేరుకి ఏటా డబ్బు కట్టాలని, సైటు ఉండే సర్వర్‌కి అద్దె ఉంటుందని మాకెవరూ చెప్పలేదు. రెండో ఏడు సైటు ఆగిపోయింది, అదీ సంక్రాంతి ఆర్డర్లప్పుడు. చెప్పుంటే అడ్వాన్సుగానే కట్టేవాళ్లం. మీరు మొహమాటపడి ఊరుకుంటే నష్టపోయేది మీరొక్కరే కాదమ్మా. ఆయనకు చెప్పండి.

మళ్లీ అమలాపురం నుంచి

ఆదివారం కడియపులంక వెళ్లానండి. ఫోనులో కాకుండా ఎదురుగా కూర్చుని, డొమైన్ రసీదు, సర్వర్ రసీదు, ఆ 31 ఫొటోలు చూపించాను. ‘ఇవన్నీ నువ్వొక్కదానివే కూర్చుని చేస్తున్నావా? నేను మిషనే చేస్తుందనుకున్నానమ్మా’ అన్నారు. ఏడాదికి 6,000, నెలకు రెండుసార్లు మార్పులు, డొమైన్ ఆయన పేరు మీదకి మార్చడం, ఇవన్నీ కాగితం మీద రాసుకున్నాం. రేట్ల షీటు వాళ్ల కోడలు చూస్తానంది. నేను అక్కడ ఉండగానే ముద్ద మందారం 60ని 65 చేసి, సైటులో మారిందో లేదో తన ఫోనులో తెరిచి చూసుకుంది.