పెరిగిన షేరు అమ్మి చవకగా ఉన్నది కొనాలా?

ప్రశ్న: నా షేర్లలో ఒకటి మూడింతలై, మొత్తం పెట్టుబడిలో 40 శాతం అయి కూర్చుంది. కొన్నప్పుడు పీఈ (షేరు ధర, ఒక్కో షేరుకొచ్చే ఏడాది లాభానికి ఎన్ని రెట్లో చెప్పే లెక్క) 15, ఇప్పుడు 45. సగం అమ్మేసి పీఈ 6లో ఉన్న ఒక స్టీల్ షేరులో పెడదామనుకుంటున్నా, కానీ అమ్మడానికి చెయ్యి రావట్లేదు. ఏమంటారు?

జవాబు 1: జవాబు మీ లెక్కలోనే ఉంది కదండీ. ధర మూడింతలు, పీఈ కూడా మూడింతలు, అంటే షేరుకొచ్చే లాభం ఉన్నచోటే ఉంది, పెరిగింది జనాల ఆశ ఒక్కటే. నేనైతే కొంత తగ్గిస్తా.

జవాబు 2: అమ్మడం సరే, ఆ స్టీల్ దగ్గర మాత్రం ఆగండి. ఇలా లాభాలు బాగా పెరుగుతూ, పడుతూ ఉండే వాటికి, లాభాలు బాగా పెరిగినప్పుడే పీఈ తక్కువగా కనిపిస్తుంది, రేపు లాభం ఐదో వంతుకి పడితే అదే ధరకి పీఈ 30 (నేనూ ఇలాగే ఇరుక్కున్నా లెండి). పదేళ్ల సగటు లాభంతో లెక్కేసి చూడండి.

జవాబు 3: పన్ను పోగా చేతికొచ్చేదెంతో కూడా చూసుకోండి.

అడిగినవారు: సగటుతో వేస్తే పీఈ 19 వచ్చిందండీ! స్టీల్ వద్దు. మూడో వంతు మాత్రం రేపే అమ్మేస్తా.