టెక్సాస్‌లో హైస్కూల్ మారితే వార్సిటీ (స్కూల్ మెయిన్ టీమ్) ఆడనివ్వరా? యూఐఎల్ (టెక్సాస్‌లో స్కూల్ పోటీలు నడిపే సంస్థ) రూల్స్ తెలిసినవాళ్ళు చెప్పండి

ఫ్రిస్కో_లక్ష్మి:
నమస్తే అండి. మేం ఫ్రిస్కోలో అద్దెకుంటున్నాం. ఇంకాస్త ఉత్తరాన, వేరే స్కూల్ డిస్ట్రిక్ట్‌లో కొత్త ఇల్లు బుక్ చేశాం. బిల్డర్ అక్టోబరు అంటున్నాడు, చూస్తుంటే డిసెంబరు దాటేలా ఉంది. మా అమ్మాయికి టెన్త్ అయిపోయింది, పోయిన ఏడాది టీమ్ టెన్నిస్‌లో వార్సిటీ డబుల్స్ ఆడింది. ఏడాది మధ్యలో స్కూల్ మార్చడం ఎందుకని ఆగస్టులోనే అక్కడ చేర్చుదామనుకున్నాం. బిల్డర్ కాంట్రాక్ట్ చూపిస్తే చేర్చుకుంటామన్నారు. ఇప్పుడు ఇంకో పేరెంట్ "ఏడాది వార్సిటీ ఉండదు" అనేసరికి పిల్లకి ఒకటే టెన్షన్. తనని సింగిల్స్‌లో ఆడించట్లేదని మా వారు పాత కోచ్‌కి గట్టిగానే ఈమెయిల్ పెట్టారు, అది అడ్డొస్తుందా? ఫ్రెండ్ ఒకాయన తన ఇంటి అడ్రస్ వాడుకోమంటున్నారు. ఏం చేయమంటారు?

రమణ_డీఎఫ్‌డబ్ల్యూ:
లక్ష్మి గారూ, ముందు ఆ ఫ్రెండ్ అడ్రస్ మాట వదిలేయండి. తప్పుడు అడ్రస్ అని తేలితే మీ అమ్మాయి ఆట ఆగిపోవడమే కాదు, తను ఆడిన మ్యాచ్‌లు టీమ్ మొత్తానికి పోతాయి. మిగతా పిల్లలు ఏం చేశారండీ?

స్కూల్లో అడ్మిషన్ వేరు, వార్సిటీ ఎలిజిబిలిటీ వేరు. కాంట్రాక్ట్ చూసి స్కూల్ చేర్చుకోవచ్చు, కానీ యూఐఎల్ చూసేది మీరు ఆ స్కూల్ పరిధిలో నిజంగా కాపురం ఉంటున్నారా అని. సామాను అక్కడుందా, ఉత్తరాలు అక్కడికి వస్తున్నాయా, పాత ఇల్లు ఖాళీ చేశారా, ఇలాంటివి అడుగుతారు. ఇల్లు పూర్తికాకుండా ఆగస్టులో చేరితే ఆ లెక్కలో మీరు బయటివాళ్ళే.

ఇంతకంటే ముఖ్యమైనది ఇంకోటుంది, దీన్ని చాలామంది మనవాళ్ళు పట్టించుకోరు. ఇంటిల్లిపాదీ మారినా సరే, ఆట కోసమే స్కూల్ మారారని తేలితే కనీసం ఒక పూర్తి ఏడాది వార్సిటీ ఉండదు. ముందు స్కూల్లో ఆడిన పిల్లలకి ప్రీవియస్ అథ్లెటిక్ పార్టిసిపేషన్ ఫారం ఉంటుంది. అది పాత స్కూల్‌కి వెళ్తుంది, ఈ పిల్ల ఎందుకు మారుతోందో వాళ్ళూ చెప్తారు. ఆడే అవకాశం చాలక మారిందా, బయట క్లబ్‌లో కలిసి ఆడినవాళ్ళు కొత్త స్కూల్లో ఉన్నారా, అక్కడివాళ్ళ దగ్గర కోచింగ్ తీసుకుందా, ఇవన్నీ లెక్కలోకొస్తాయి. మీ వారి ఈమెయిల్ కూడా అక్కడ బయటికి రావచ్చు. కాబట్టి దాచకండి. ఫారం నింపేటప్పుడే కొత్త స్కూల్ అథ్లెటిక్ కోఆర్డినేటర్‌కి మీరే చెప్పండి, ఇంటి కాగితాలు పక్కన పెట్టండి.

మా పెద్దవాడి విషయం యూఐఎల్ డిస్ట్రిక్ట్ ఎగ్జిక్యూటివ్ కమిటీ దాకా వెళ్ళింది. ఇల్లు కొన్నాం, అందరం మారాం. కానీ వాడి క్లబ్ బాస్కెట్‌బాల్ టీమ్‌లో సగం మంది ఆ కొత్త స్కూల్ పిల్లలే. కమిటీలో కూర్చునేది ఎవరనుకున్నారు? మనతో పోటీపడే స్కూళ్ళ సూపరింటెండెంట్లు, లేదా వాళ్ళు పంపినవాళ్ళు. రేపు మనతో ఆడబోయేవాళ్ళు ఈరోజు మన పిల్లవాడి సంగతి తేలుస్తారు. ఇది నాకు ఈరోజుకీ మింగుడుపడదు. ఏడాది జేవీ (వార్సిటీ కింది టీమ్) ఆడాడు. స్టేట్ ఎగ్జిక్యూటివ్ కమిటీకి అప్పీల్ చేసుకోవచ్చు, మేం చేయలేదు, వాడే వద్దన్నాడు.

మీకు నా సలహా ఒక్కటే. ఈ ఏడాది పాత స్కూల్లోనే ఉంచండి. అక్కడ ఏడాదికి పైగా చదివింది కాబట్టి, మీరు ఇల్లు మారినా మానకుండా వెళ్తున్నంతకాలం యూఐఎల్ ప్రకారం వార్సిటీ పోదు. స్కూల్ డిస్ట్రిక్ట్ ఒప్పుకోవాలి, అది ఇప్పుడే రాతపూర్వకంగా అడగండి.

టాంపా_శ్రీను:
మా ఫ్లోరిడాలో 2016లో చట్టం మార్చారు. స్కూల్ మారిన వెంటనే ఆడొచ్చు. పిల్లల జీవితంలో హైస్కూల్ ఉండేదే నాలుగేళ్ళు, అందులో ఏడాది బెంచ్ మీద కూర్చోబెట్టడం అన్యాయమని నా అభిప్రాయం. లెవెన్త్‌లో వార్సిటీ పోతే కాలేజీ కోచ్‌ల కళ్ళలో పడేదెప్పుడు?

రమణ_డీఎఫ్‌డబ్ల్యూ:
శ్రీను గారూ, ఆ బాధ నాకు తెలుసు. అయినా రూల్ పూర్తిగా ఎత్తేస్తే డబ్బున్న నాలుగు స్కూళ్ళే మంచి ఆటగాళ్ళందరినీ లాక్కుపోతాయి. పక్క స్కూల్లో చిన్నప్పటినుంచీ ఆడుతున్న పిల్లవాడి చోటు పోతుంది. రూల్ ఉండాలి, కానీ తీర్పు చెప్పేది ప్రత్యర్థి స్కూళ్ళు కాకూడదు. నేను కొట్లాడేది అక్కడే.

ఫ్రిస్కో_లక్ష్మి:
రమణ గారూ, చాలా థాంక్స్ అండి. క్లబ్ సంగతి మాకు తట్టనే లేదు. తను వారాంతంలో వెళ్ళే అకాడమీలో ఆ స్కూల్ అసిస్టెంట్ కోచ్ ఉన్నారు! ఇప్పటి స్కూల్ కౌన్సెలర్‌కి ఈరోజే మెయిల్ పెట్టాను, ఇల్లు మారాక కూడా ఇక్కడే కొనసాగనిస్తారా అని. డ్రైవింగ్ నలభై నిమిషాలు అవుతుంది, అయినా అమ్మాయి ఇక్కడే ఆడతానంటోంది. కొత్త ఇంటి దగ్గర్నుంచి పొద్దున్నే అటువైపు వచ్చేవాళ్ళెవరైనా ఉంటే కార్‌పూల్‌కి మెసేజ్ చేయండి, ప్లీజ్.