2026 నవంబరు 3 అమెరికా ఎన్నికల ఓటు: కొత్తగా సిటిజన్ అయినవాళ్లు ముందుగా ఏం చూసుకోవాలి?

ప్లేనో_పద్మ:
టెక్సస్. సిటిజన్‌షిప్ ప్రమాణం (ఓత్) అయింది. డ్రైవింగ్ లైసెన్సు మాత్రం గ్రీన్ కార్డు మీద తీసుకున్నదే, ఇంకా నాలుగేళ్లు చెల్లుతుంది. నావి మూడు ప్రశ్నలు. ఒకటి, "సిటిజన్ అని రుజువు పంపండి" అంటూ కౌంటీల నుంచి వచ్చే ఉత్తరాలు ఎవరికి వస్తాయి, ఎందుకు వస్తాయి? రెండు, బ్యాలెట్ చివర ఉండే స్కూలు బాండ్ల (అప్పుల) ప్రపోజిషన్లు, అంటే ఓటర్లు తేల్చాల్సిన ప్రతిపాదనలు, ఎలా చదవాలి? మూడు, మా అత్తయ్యగారికి 68, సిటిజనే, కానీ ఇంగ్లీషు చదవలేరు. ఆవిడ చేత పోస్టులో వేయించాలా, వెంట తీసుకెళ్లాలా? 

పోలింగ్‌బల్ల:
డాలస్ పక్క కౌంటీలో ఎన్నికల డ్యూటీ చేస్తాను కాబట్టి మొదటిది నేను చెబుతాను.

ఆ ఉత్తరాలకు మూలం మీ లైసెన్సేనండీ. గ్రీన్ కార్డు చూపించి లైసెన్సు తీసుకున్న రోజున లైసెన్సులిచ్చే డీపీఎస్ శాఖ రికార్డులో "సిటిజన్ కాదు" అని పడుతుంది. తర్వాత ఓత్ తీసుకున్న సంగతి మీరు చెప్పేదాకా వాళ్లకు తెలియదు. 2019 జనవరిలో టెక్సస్ ఈ పాత డేటా పట్టుకునే 95,000 మంది ఓటర్లను అనుమానితులుగా ప్రకటించింది. వాళ్లలో వేలమంది అప్పటికే సిటిజన్లని తేలింది. కేసులు పడ్డాయి, ఏప్రిల్‌లో రాజీ చేసుకుని ఆ జాబితా వదిలేసింది. 2025 అక్టోబరులో సిటిజన్ అవునో కాదో సరిచూసే ఫెడరల్ వాళ్ల సేవ్ డేటాబేస్‌తో మొత్తం ఓటర్ల జాబితా పోల్చి ఈసారి 2,724 పేర్లు కౌంటీలకు పంపింది. ఉత్తరం వచ్చాక 30 రోజుల్లో రుజువు చూపకపోతే పేరు తీసేస్తారు. తీసేశాక రుజువు ఇచ్చినా తిరిగి చేర్చాలి, కానీ ఎన్నికల ముందు ఆ తిరుగుడు ఎవరికి కావాలి?

అందుకని వరస ఇది: ముందు సోషల్ సెక్యూరిటీ ఆఫీసు, ఆ తర్వాత డీపీఎస్, ఆ తర్వాత ఓటర్ ఫారం. టెక్సస్‌లో మామూలుగా ఆన్‌లైన్ రిజిస్ట్రేషన్ లేదు. వెబ్‌సైట్లో నింపినా ప్రింటు తీసి, పెన్నుతో సంతకం పెట్టి పోస్టులో వేయాలి. చివరి తేదీ అక్టోబరు 5. "సబ్మిట్ నొక్కాను కదా" అని ఊరుకున్నవాళ్ల పేరు జాబితాలో ఉండదు.

ఎడిసన్_రావు:
సోషల్ సెక్యూరిటీ ఆఫీసుకి వెళ్లడం దేనికండీ? సిటిజన్‌షిప్‌కి పెట్టే ఎన్-400 ఫారం 2024 ఏప్రిల్ 1 ఎడిషన్‌లోనే ఆ ప్రశ్న ఉంది. అవునని టిక్కు పెడితే ఇమిగ్రేషన్ వాళ్లే సమాచారం పంపిస్తారు, కార్డు ఇంటికొస్తుంది. అందర్నీ ఊరికే లైన్లో నిలబెట్టకండి.

పోలింగ్‌బల్ల:
టిక్కు పెట్టినవాళ్లకి, అదీ ఆ ఎడిషన్ ఫారం వాడినవాళ్లకి మాత్రమే రావుగారూ. అంతకు ముందు ఓత్ అయినవాళ్లు లక్షల్లో ఉన్నారు. ఒకసారి పాత సోషల్ సెక్యూరిటీ కార్డు తీసి చూడండి. హెచ్-1 రోజుల్లో ఇచ్చిన కార్డు మీద, పేరు పైన, "డీహెచ్ఎస్ (హోమ్‌ల్యాండ్ సెక్యూరిటీ శాఖ) అనుమతి ఉంటేనే ఉద్యోగానికి చెల్లుతుంది" అన్న లైను ఉంటుంది. ఆ లైనున్న కార్డే మీ దగ్గర ఇంకా ఉంటే, రికార్డులో మీరు సిటిజన్‌గా మారారని నమ్మడానికి లేదు. సేవ్ ఇప్పుడు సోషల్ సెక్యూరిటీ నంబరుతో కూడా వెతుకుతుంది, కాబట్టి అక్కడ పాతదే ఉంటే జాబితాలో పడేది మీరే. కొత్త కార్డుకి పెట్టే ఎస్ఎస్-5 ఫారం, సిటిజన్ అయినప్పుడు ఇచ్చిన నాచురలైజేషన్ సర్టిఫికెట్ ఒరిజినల్ తీసుకెళ్తే చాలు. ఫీజు లేదు.

ఎడిసన్_రావు:
అలా విడమరిచి చెబితే ఒప్పుకుంటాను. మొదట "అందరూ వెళ్లాలి" అన్నట్టు రాశారు.

కరీంనగర్_అన్న:
అందరు ఒక్కటి మర్చిపోతున్నరు. రుజువు పంపుమంటున్నరు గని, కౌంటీకి సర్టిఫికెట్ జిరాక్స్ పంపుడు నేరం. సర్టిఫికెట్ మీదనే పెద్దక్షరాల్ల రాసి ఉంటది, కాపీ తీసినా ఫొటో తీసినా శిక్ష అని. ఇట్ల సలహాలిచ్చి జనాన్ని ఇరికియ్యకుండ్రి.

లౌడన్_లక్ష్మి:
అన్నా, ఆ వాక్యం చివరిదాకా చదవండి. "చట్టబద్ధమైన అధికారం లేకుండా" అని ఉంది. పాస్‌పోర్టుకి డీఎస్-11 ఫారం పెట్టేటప్పుడు ఒరిజినల్‌తో పాటు జిరాక్స్ కూడా పెట్టమని స్టేట్ డిపార్ట్‌మెంటే అడుగుతుంది. ఫోర్జరీ చేయడానికి కాపీ తీస్తే నేరం గానీ, ప్రభుత్వం అడిగిన రుజువుకి జిరాక్స్ తీస్తే కాదు.

కరీంనగర్_అన్న:
పాస్‌పోర్టోళ్లు అడిగింది వేరు, కౌంటీ వేరు. నీకు లాయర్ లైసెన్స్ ఉన్నదా? రేపు ఎవరికన్న కేసైతే నువ్వు నిలబడతవా?

లౌడన్_లక్ష్మి:
కౌంటీ పంపిన నోటీసులోనే ఏ కాగితాల కాపీ పంపాలో రాస్తారు. ఆ భయంతో జవాబివ్వకపోతే 30 రోజులు గడిచి పేరు పోతుంది. మీ సలహా వల్ల జరిగే నష్టం అదే, అందుకే ఇంత గట్టిగా చెబుతున్నాను. ఒరిజినల్ మాత్రం ఎవరూ కౌంటీకి పోస్టు చేయకండి. పోతే ఇంకో సర్టిఫికెట్ కోసం ఎన్-565 ఫారం పెట్టాలి, పేపరు మీదైతే ఫీజు 555 డాలర్లు, నెలలు పడుతుంది.

పోలింగ్‌బల్ల:
ఇద్దరూ ఆపండి. జిరాక్స్ మీద అంత భయమైతే పాస్‌పోర్టు కాపీ పంపండి, అదీ రుజువే. డీఎస్-11 పెట్టేటప్పుడే 30 డాలర్లు అదనంగా కట్టి పాస్‌పోర్టు కార్డు కూడా తీసుకుంటే పర్సులో పడుంటుంది. పోలింగ్‌లో ఫొటో ఐడీగానూ చెల్లుతుంది.

కరీంనగర్_అన్న:
పాస్‌పోర్టు కాపీ అంటే నాకు అభ్యంతరం లేదు. ముందే అది చెప్పాల్సింది.

ఫీనిక్స్_శాస్త్రి:
ఇంత గొడవ ఎందుకు? రిజిస్టర్ చేసేటప్పుడే రుజువు అడిగితే ఈ ఉత్తరాలే ఉండవు. అరిజోనాలో 2004 నుంచీ, ఓటర్లు ఆమోదించిన ప్రపోజిషన్ 200 చట్టం ప్రకారం అలాగే అడుగుతున్నారు. నాచురలైజేషన్ నంబరు రాస్తే సరిపోతుంది. రుజువు ఇవ్వనివాళ్లకి ఫెడరల్ పోటీలు మాత్రమే ఉండే బ్యాలెట్ ఇస్తారు. దేశమంతా అలా చేస్తే ఏం పోతుంది?

లౌడన్_లక్ష్మి:
అదే అరిజోనాలో 2024లో ఏం బయటపడిందో కూడా చెప్పండి శాస్త్రిగారూ. 1996 అక్టోబరుకి ముందు లైసెన్సు తీసుకుని, తర్వాత డూప్లికేటు తీసుకున్నవాళ్ల విషయంలో కంప్యూటర్ తేదీలు తప్పుగా చూపి, రుజువు లేకుండానే "రుజువు ఉంది" అని నమోదైంది. ముందు 98,000 మంది అన్నారు, తర్వాత లెక్క 218,000కి చేరింది. వాళ్లలో ఎక్కువమంది దశాబ్దాలుగా ఓటేస్తున్న పెద్దవాళ్లు. కాన్సస్‌లో ఇలాంటి చట్టం 31,000 మందికి పైగా దరఖాస్తుల్ని ఆపేసింది, 2018లో ఫెడరల్ జడ్జి కొట్టేశారు. చూపించడానికి చేతిలో కాగితం ఉన్నవాళ్లకు తేలికే. పెళ్లయ్యాక ఇంటిపేరు మారిన ఆడవాళ్ల జనన ధ్రువపత్రంలో ఒక పేరు, లైసెన్సులో ఇంకో పేరు ఉంటుంది.

ఫీనిక్స్_శాస్త్రి:
కంప్యూటర్ తప్పుకి చట్టాన్ని నిందించడం న్యాయం కాదమ్మా. ఆ 98,000 మందికి పూర్తి బ్యాలెటే ఇవ్వాలని రాష్ట్ర సుప్రీంకోర్టు చెప్పింది, ఇచ్చారు. సిటిజన్ కానివాడి ఓటు ఒక్కటి పడినా, కష్టపడి ఓత్ తీసుకున్న మనకే అవమానం.

లౌడన్_లక్ష్మి:
ఆ మాటతో నాకూ పేచీ లేదు. సిటిజన్ని జాబితాలోంచి తీసేయడం కూడా అంతే అవమానం అంటున్నాను. మా వర్జీనియాలో 2024లో దాదాపు 1,600 పేర్లు తీశారు. లైసెన్సులిచ్చే డీఎంవీ ఆఫీసు ఫారంలో సిటిజన్ గడి ఖాళీగా వదిలేసినవాళ్లు, పొరపాటున "కాదు" అని నొక్కినవాళ్లు కూడా అందులో పడ్డారు. ఫెడరల్ ఎన్నికకి 90 రోజుల లోపు ఇలా మూకుమ్మడిగా తీయకూడదని 1993 చట్టం చెబుతుంది. అయినా అక్టోబరు 30న సుప్రీంకోర్టు ఆ తీసివేతకు అడ్డు చెప్పలేదు. ఇక్కడ పోలింగ్ రోజున కూడా రిజిస్టర్ చేసుకుని ప్రొవిజనల్ బ్యాలెట్ (అర్హత సరిచూశాకే లెక్కించేది) వేయొచ్చు గనక కొంత నయం. టెక్సస్‌లో ఆ సదుపాయం లేదు.

లెక్కల_మాస్టారు:
పద్మగారి రెండో ప్రశ్న ఎవరూ ముట్టుకోలేదు. నిజానికి మన జేబుకి తగిలేది అదే.

టెక్సస్‌లో ప్రతి స్కూలు బాండు ప్రపోజిషన్ మీదా "ఇది ప్రాపర్టీ టాక్స్ పెంపు" అని పెద్దక్షరాల్లో ఉంటుంది. 2019 చట్టం ప్రకారం అది వేసి తీరాలి, పన్ను రేటు ఒక్క సెంటు పెరగకపోయినా సరే. కాబట్టి ఆ లైను చూసి నిర్ణయం తీసుకోకండి. స్కూలు పన్ను రెండు ముక్కలు. ఒకటి రోజువారీ ఖర్చు, టీచర్ల జీతాలు. రెండోది బాండ్ల అప్పు తీర్చే ముక్క. బాండు డబ్బుతో జీతాలివ్వడానికి లేదు. మొదటి ముక్కలో ప్లేనో లాంటి ఆస్తి ఎక్కువున్న స్కూలు డిస్ట్రిక్టులు కొంత రాష్ట్రానికి కట్టేయాలి. రెండో ముక్క పూర్తిగా ఊళ్లోనే ఉంటుంది. ఏసీలు, బస్సులు, పైకప్పులన్నీ బాండ్లలోకి నెట్టడానికి ఒక కారణం అదే.

సొంతింట్లో ఉండేవాళ్లకి పన్నులో ఇచ్చే హోమ్‌స్టెడ్ మినహాయింపు 2025 నవంబరు ఓటుతో 100,000 నుంచి 140,000 డాలర్లకి పెరిగింది. ఇల్లు 500,000, స్కూలు రేటు వందకి 1.10 అనుకోండి. ముందు 400,000 మీద 4,400 డాలర్లు. ఇప్పుడు 360,000 మీద 3,960. తేడా 440. ఇది స్కూలు పన్నుకే, కౌంటీకి, సిటీకి వర్తించదు. దీనికి 50-114 ఫారం, ఇళ్ల విలువ కట్టే అప్రైజల్ డిస్ట్రిక్టుకి పంపాలి, పైసా ఖర్చు లేదు. డబ్బులడిగే ఉత్తరాలు చెత్తబుట్టలో వేయండి. అత్తయ్యగారి పేరు మీద ఇల్లుంటే 65 దాటినవాళ్లకి ఇంకో 60,000 ఉంది, పైగా స్కూలు పన్ను ఒక హద్దు దాటి పెరగకుండా పరిమితి ఉంటుంది.

కరీంనగర్_అన్న:
బాండ్లన్నిటికి "వద్దు" కొట్టుడే. మినహాయింపు ఇచ్చిన చేతితోనే రేటు పెంచి గుంజుకుంటరు.

లెక్కల_మాస్టారు:
అన్నీ ఒక గాటన కట్టకండి. ప్రపోజిషన్ ఏ, బీ, సీ అని విడివిడిగా వస్తాయి. స్టేడియం వేరే, క్లాస్‌రూములు వేరే, లాప్‌టాప్‌లు వేరే. ప్రతి దానికీ విడిగా ఓటెయ్యొచ్చు. లాప్‌టాప్‌కి 20 ఏళ్ల అప్పు అయితే నేనూ వద్దంటాను. పైకప్పుకైతే అనను. డిస్ట్రిక్టు వెబ్‌సైట్లో బాండ్ల వివరపత్రం ఉంటుంది. అందులో మొత్తం అప్పు, వడ్డీ, 100,000 విలువైన ఇంటిమీద ఏడాదికి పడే భారం చూడండి.

ఎడిసన్_రావు:
పన్నుల మాట వచ్చింది గనక, ఇండియాకి పంపే డబ్బు మీద 1 శాతం పన్ను 2026 జనవరి నుంచి ఉంది. ముందు 5 శాతం, తర్వాత 3.5 అన్నారు, సిటిజన్లకి వద్దన్నారు. చివరికి అందరికీ 1 శాతం అయింది.

లెక్కల_మాస్టారు:
నగదు, మనీ ఆర్డరు, క్యాషియర్ చెక్కు ఇచ్చి పంపితేనే. బ్యాంకు ఖాతా నుంచీ అమెరికా డెబిట్ కార్డు నుంచీ పంపితే లేదు. సగం భయపెట్టి వదిలేయకండి రావుగారూ.

పోలింగ్‌బల్ల:
అత్తయ్యగారి సంగతి. 65 దాటారు గనక పోస్టులో వేయొచ్చు, కానీ దరఖాస్తు అక్టోబరు 23కల్లా కౌంటీకి *చేరాలి*. ఆ తేదీకి పోస్టు చేస్తే చెల్లదు. బ్యాలెట్ వచ్చాక బయటి కవరు మీద, అంటించే మడత కింద, లైసెన్సు నంబరుకి ఒక గడి, సోషల్ సెక్యూరిటీ చివరి 4 అంకెలకి ఒక గడి ఉంటాయి. ఒక్కటి చాలు అని రాసి ఉన్నా రెండూ నింపండి. రిజిస్ట్రేషన్ నాడు ఏ నంబరు ఇచ్చామో చాలామందికి గుర్తుండదు, ఇచ్చినదానితో కలవకపోతే కవరు పక్కన పెడతారు. ఈ నిబంధన మొదటిసారి వచ్చిన 2022 మార్చి ప్రైమరీలో (పార్టీ అభ్యర్థుల్ని ఎంచుకునే ఎన్నికలో) 24,000కి పైగా బ్యాలెట్లు, అంటే దాదాపు 12 శాతం, తిరస్కరించారు. మడత తెరవకుండానే అంటించేసినవాళ్లు చాలామంది.

నా సలహా, వెంట తీసుకెళ్లండి. ముందస్తు ఓటింగ్ అక్టోబరు 19 నుంచి 30 వరకు. ఇంగ్లీషు చదవలేని ఓటరు తనకు నచ్చినవాళ్లను తోడు తెచ్చుకోవచ్చు, ఫెడరల్ ఓటింగ్ హక్కుల చట్టం 208వ సెక్షన్ ఇచ్చిన హక్కు. యజమాని, యూనియన్ మనిషి మాత్రం కాకూడదు. మీరు ప్రమాణం చేసి, ఫారం మీద పేరు, చిరునామా, చుట్టరికం రాయాలి. ఆవిడ చెప్పినట్టే నొక్కాలి, "దీనికి వెయ్యండి" అని మీరనకూడదు. నడవలేకపోతే కారు దగ్గరికే మెషీను తెస్తారు.

ఇంకొకటి, మన ఇంటిపేర్లు. ఓటర్ కార్డులో ఇంటిపేరు ముందు, ఐడీలో వెనక ఉంటే కంగారు పడొద్దు. "పేర్లు దాదాపు ఒకటే" అన్న గడి దగ్గర పొట్టి సంతకం పెట్టిస్తారు, మామూలు బ్యాలెటే ఇస్తారు. కొందరు కొత్త క్లర్కులు ప్రొవిజనల్ అంటారు. అప్పుడు ఎన్నికల జడ్జిని, అంటే ఆ పోలింగ్ కేంద్రం బాధ్యుణ్ని, పిలవమని అడగండి.

ప్లేనో_పద్మ:
సోషల్ సెక్యూరిటీ కార్డు తీసి చూశాను, ఆ లైను ఉంది. సోమవారం వెళ్తాను. మా అమ్మానాన్నలకి గ్రీన్ కార్డే. డీపీఎస్‌లో లైసెన్సు తీసుకునేటప్పుడు ఓటర్ రిజిస్ట్రేషన్ అడుగుతారట, ఏమనాలి?

లౌడన్_లక్ష్మి:
"నో" అనాలి. స్క్రీన్ మీద కూడా "నో" నొక్కి, సంతకం పెట్టేముందు ఆ పేజీ మళ్లీ చదవమనండి. పొరపాటున రిజిస్టరై ఓటు కూడా వేస్తే దేశం నుంచి పంపేసే కారణమవుతుంది. రేపు ఎన్-400లో "ఎప్పుడైనా ఓటు రిజిస్టర్ చేసుకున్నారా" అన్న ప్రశ్న ఉంది. ఆ రోజు అవునని రాయాల్సిన పరిస్థితి రాకూడదు.